హాసన్ బజారులో ఒక కెప్టెన్



2020 నవంబరులో, కరోనా భయంతో జనం సినిమా హాళ్ళ వైపు చూడని రోజుల్లో, ‘ఆకాశం నీ హద్దురా’ అనే సినిమాను మనలో చాలామంది ఇంట్లోనే కూర్చుని చూశాం. తమిళంలో దాని పేరు ‘సూరరై పోట్రు’. దర్శకురాలు సుధ కొంగర, కథానాయకుడు సూర్య. ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి కూడా అందుకుంది. సామాన్యుణ్ణి విమానం ఎక్కించి తీరాలని పట్టుబట్టిన ఒక మాజీ సైనికుడి కథ అది. ఆ కథకు ఆధారం కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ గారి జీవితం, ‘సింప్లీ ఫ్లై’ పేరుతో ఆయన రాసుకున్న ఆత్మకథ.

రెండున్నర గంటల సినిమాలో అన్నీ పట్టవు. అందుకే అందులో సైన్యం విడిచిన మనిషి నేరుగా విమానాల వెంట పడతాడు. అసలు జీవితంలో ఆ రెంటికీ మధ్య దాదాపు 18 ఏళ్ళున్నాయి. ఆ 18 ఏళ్ళూ గోపీనాథ్ గారు కర్ణాటకలోని హాసన్ జిల్లాలో మెట్టనేల దున్నారు. పట్టుపురుగులు పెంచారు. హాసన్ పట్టణంలో బుల్లెట్ మోటారు సైకిళ్ళు అమ్మారు, టిఫిన్ హోటలు నడిపారు. ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నది ఆ సంవత్సరాల గురించి. విమానాల యజమానిగా ఆయన పేరు దేశమంతా తెలుసు. నాకు మాత్రం హాసన్ బజారులో కొట్టు పెట్టుకున్న కెప్టెనే ఎక్కువ దగ్గరగా అనిపిస్తారు. మన తెలుగు పల్లెల నుంచి సైన్యంలోకి వెళ్ళి వచ్చినవాళ్ళకు పనికొచ్చే కథ అక్కడే ఉంది.

ఆయన పుట్టింది 1951లో. పెరిగిన ఊరు గోరూరు. హాసన్‌కు దగ్గరలో, హేమావతి నది ఒడ్డున ఉంటుంది. కన్నడ సాహిత్యంతో పరిచయం ఉన్నవాళ్ళకు గోరూరు రామస్వామి అయ్యంగార్ అనే రచయిత పేరు గుర్తుండవచ్చు. ఆ ఊరే ఇది. గోపీనాథ్ గారి తండ్రి బడిపంతులు, వ్యవసాయం కూడా చేసేవారు. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన రెండోవాడు. తండ్రి పంతులే అయినా బడి మీద ఆయనకు అంత గురి ఉండేది కాదు. బడి పిల్లల స్వేచ్ఛను హరిస్తుందని ఆయన నమ్మకం. అందుకే కొడుక్కి చిన్న తరగతుల చదువంతా ఇంట్లోనే చెప్పారు. ఐదో తరగతికి వచ్చాకే ఆ పిల్లవాడు ఊళ్ళోని కన్నడ బడి గడప తొక్కాడు. 

అక్కడి నుంచి బీజాపూరు సైనిక్ స్కూలు. 1961లో రక్షణమంత్రిగా ఉన్న వి.కె. కృష్ణమేనన్ ఆలోచనతో ఈ సైనిక్ స్కూళ్ళు మొదలయ్యాయి. మన విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు కూడా 1962లో ఆ పథకం కిందే తెరిచారు. అప్పటిదాకా సైన్యంలో అధికారి కావడమంటే చాలావరకు పెద్ద కుటుంబాల పిల్లలకు, ఇంగ్లీషు చదువులవాళ్ళకు దక్కే అవకాశం. పంతులుగారి అబ్బాయికి, రైతు కొడుక్కి ఆ తలుపు తెరిచినవి ఈ బడులే. గోపీనాథ్ గారు అక్కడ చదివి, జాతీయ రక్షణ అకాడమీకి, ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీకి వెళ్ళి అధికారి అయ్యారు.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. సుమారు 93,000 మంది బందీలయ్యారు. బంగ్లాదేశ్ పుట్టింది. ఆ యుద్ధంలో పాల్గొన్నవారిలో గోపీనాథ్ గారు ఒకరు. యుద్ధం మొదలయ్యే నాటికి ఆయనకు 20 ఏళ్ళు నిండి నెల రోజులు కూడా కాలేదు.

ఎనిమిదేళ్ళ సర్వీసు తర్వాత, 28వ ఏట, కెప్టెన్ హోదాలో ఉండగా ఆయన సైన్యం నుంచి తప్పుకున్నారు. ఈ నిర్ణయం ఎంత పెద్దదో తెలియాలంటే ఒక నిబంధన తెలియాలి. సైన్యంలో అధికారికి పెన్షన్ రావాలంటే 20 ఏళ్ళ సర్వీసు పూర్తి కావాలి, జవానుకు 15 ఏళ్ళు. ఎనిమిదేళ్ళకే బయటికి వచ్చిన మనిషికి నెలనెలా వచ్చేది ఏమీ ఉండదు. ఆయన చేతికి వచ్చింది గ్రాట్యుటీ సొమ్ము, 6,000 రూపాయల పైచిలుకు. ఇప్పటి లెక్కల్లో కాదులెండి, అప్పటి లెక్కల్లో కూడా అది జీవితానికి సరిపడే డబ్బు కాదు.

మరి దేన్ని చూసుకుని వచ్చారు? భూమిని చూసుకుని. ఆ భూమి కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

గోరూరు దగ్గర హేమావతి మీద ప్రభుత్వం ఆనకట్ట కట్టింది. 1979 నాటికి అది పూర్తయింది. కావేరికి ఉపనది అయిన హేమావతి నీళ్ళు అక్కడ నిలిచి, కాలవల వెంట దిగువ పొలాలకు పారాయి. కింది రైతులకు అది వరం. కానీ ఏ ఆనకట్టకైనా వెనకవైపు ఒకటుంటుంది. అక్కడ నీళ్ళు నిలవాలంటే కొందరి పొలాలు మునగాలి. గోపీనాథ్ గారి కుటుంబ భూమి అలా ముంపులో పోయింది. దానికి బదులుగా ప్రభుత్వం అదే జిల్లాలో జావగల్ దగ్గర భూమి ఇచ్చింది. ఆ ఊరి పేరు వినగానే క్రికెటర్ శ్రీనాథ్ గుర్తుకొస్తారు మీకు. ఆ జావగలే. నది ఒడ్డున బతికిన కుటుంబానికి దక్కింది వాన కోసం ఆకాశం వైపు చూసే బీడు.

ఈ మాట శ్రీశైలం ముంపు బాధితులకు, ఇప్పటి పోలవరం నిర్వాసితులకు వివరించి చెప్పనక్కర్లేదు. నష్టపరిహారం అని కాగితం మీద రాసుకునే ఎకరాకు, పోయిన ఎకరాకు పొంతన ఉండదు. విస్తీర్ణం ఒకటే కావచ్చు, నేల ఒకటి కాదు, నీరు ఒకటి కాదు. చుట్టూ ఉండే మనుషులూ వేరు. చాలా కుటుంబాలు అలాంటి భూమిని వచ్చిన ధరకు అమ్ముకుని పట్నం దారి పట్టాయి, ఇవాళ్టికీ పడుతున్నాయి. గోపీనాథ్ గారు అమ్మలేదు. ఆ బీడులో గుడారం వేసుకుని దిగారు. కరెంటు లేదు, ఇల్లు లేదు. సైన్యంలో గుడారం బతుకు అలవాటే కాబట్టి అదొక్కటీ ఆయనకు కొత్త కాదు. పెళ్ళయ్యాక భార్య భార్గవి గారు కూడా ఆ పొలానికే కాపురానికి వచ్చారు. ఆవిడ ధైర్యం గురించి వేరే ప్రసంగమే చెయ్యవచ్చు.

మొదట కొబ్బరి నాటారు. కొబ్బరి మొక్క పెట్టిన రైతుకు చాలా ఏళ్ళు ఎదురుచూపులే. ఆ లోగా ఇల్లు గడవాలి. పశువులు, కోళ్ళు, ఇతర పంటలు, ఒక్కొక్కటీ ప్రయత్నించారు. కొన్ని నిలిచాయి, కొన్ని ముంచాయి, అప్పులూ అయ్యాయి. చదువుకున్నవాడు వ్యవసాయంలోకి దిగితే పుస్తకాల్లో ఉన్నదంతా ముందు చేస్తాడు, ఆ తర్వాతే నేల మాట వింటాడు. ఆయన విషయంలో చెప్పుకోదగ్గది ఏమిటంటే, నేల మాట వినడం నిజంగా నేర్చుకున్నారు. రసాయన ఎరువులు వేసి, పురుగుల మందు కొట్టేకొద్దీ ఖర్చు పెరుగుతోందని, నేల చచ్చుబడుతోందని గ్రహించి, క్రమంగా రసాయనాలు తగ్గించుకునే సాగు వైపు మళ్ళారు. ఇవాళ ప్రకృతి సేద్యం అంటూ సభలు జరుగుతున్నాయి. ఆయన ఆ దారి పట్టింది 1980ల్లో, దానికి పేరూ ప్రచారమూ రాకముందు.

ఆ తర్వాత పట్టు. ఈ సంగతి హిందూపురం, కదిరి, మడకశిర, పలమనేరు వైపు శ్రోతలకు నాకన్నా బాగా తెలుసు. మల్బరీ ఆకు కోసుకు రావాలి, వేళకు మేపాలి, ఒక్కో జ్వరం నుంచి, అంటే కుబుసం విడిచే దశ నుంచి, పురుగు లేచేదాకా కాపాడుకోవాలి. చివరికి గూడు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించాలి. పురుగు గూడు కట్టేదాకా సుమారు నెల రోజుల పని, ఆ నెల రోజులూ ఇంట్లో చంటిపిల్ల ఉన్నట్టే. ఒక్కసారి రోగం వచ్చిందా, పంట పంటంతా ఊడ్చి పారబొయ్యాల్సిందే. అందుకే రైతులు పెంపకపు షెడ్డును మందులతో కడుగుతారు, ఖరీదైన సరంజామా కొంటారు. గోపీనాథ్ గారు ఆ ఖర్చును తగ్గించే దారి వెతికారు. రసాయనాల మీద అంతగా ఆధారపడకుండా, ప్రకృతికి దగ్గరగా, చిన్న రైతు భరించగల పద్ధతిలో పట్టుపురుగుల్ని పెంచి చూపించారు. ఆ పనికే 1996లో రోలెక్స్ వాచీల కంపెనీ ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. విమానాలతో ఆయనకు పేరు వచ్చింది ఆ తర్వాతి మాట. అంతకు ఏళ్ళ ముందే పట్టుపురుగులు ఆయనకు ప్రపంచ గుర్తింపు తెచ్చాయి. సినిమాలో ఈ పట్టుపురుగులు లేకపోవడం నాకు కాస్త వెలితిగానే అనిపించింది.

ఇక హాసన్. పొలం ఒక్కదాని మీదే సంసారం నడవదని తేలాక ఆయన పట్టణంలో వ్యాపారాలు మొదలుపెట్టారు. మల్నాడ్ మోబైక్స్ అనే పేరుతో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల డీలర్‌షిప్ తీసుకున్నారు. బుల్లెట్ అంటే మన సైన్యం 1950ల నుంచి వాడుతున్న బండి, కెప్టెన్ గారికి దాని గుణదోషాలు ఒకరు చెప్పాల్సిన పని లేదు. యగచి టిఫిన్స్ అని హోటలు పెట్టారు. యగచి ఆ జిల్లాలో పారే మరో నది. రైతులకు పొలానికి నీళ్ళు పెట్టుకునే పరికరాలు అమ్మారు, వ్యవసాయ సలహాలు ఇచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. యుద్ధం చూసి వచ్చిన అధికారి, నిన్నటిదాకా సెల్యూట్లు అందుకున్న మనిషి, జిల్లా కేంద్రంలో కౌంటరు వెనక నిలబడటం మన సమాజంలో తేలికైన పని కాదు. చదువుకున్న కుటుంబాల్లో అయితే మరీను. ‘ఆఫీసరు ఉద్యోగం వదిలేసి హోటలు పెట్టాడట’ అనే మాట మన ఊళ్ళల్లో ఎలా పాకుతుందో మీకు తెలుసు. ఎవరి ముందైతే యూనిఫారంతో నడిచాడో వాళ్ళకే బండి అమ్మాలి, వాళ్ళ దగ్గరే బాకీ వసూలు చేసుకోవాలి. చిన్న పట్టణంలో వ్యాపారి దాక్కోవడానికి చోటుండదు. పొద్దున బండి కొన్న మనిషి సాయంత్రం గుడి దగ్గర కనిపిస్తాడు. బండి సరిగ్గా నడవకపోతే ఆ మాట అక్కడే అడుగుతాడు. నమ్మకం పోగొట్టుకున్న కొట్టు ఆ ఊళ్ళో మళ్ళీ నిలబడదు. పెద్ద నగరాల్లో పెద్ద జీతాలతో వ్యాపారం నేర్చుకున్నవాళ్ళకు ఈ శిక్షణ దొరకదు. ఆయనకు దొరికింది.

ఒకటికి మూడు వ్యాపారాలు ఎందుకు అని కొందరు అనుకోవచ్చు. మెట్ట రైతును అడగండి, చెబుతాడు. మెట్టలో ఒకే పంట మీద ఎవరూ బతుకు పెట్టరు. కంది పోతే వేరుశనగ ఆదుకుంటుంది, రెండూ పోతే గొర్రెలు. జావగల్ పొలంలో నేర్చిన ఆ లెక్కనే ఆయన హాసన్ బజారుకు తెచ్చారని నేను అనుకుంటాను.

1990ల మధ్యలో, సైన్యంలో హెలికాప్టర్లు నడిపిన మిత్రుడు కెప్టెన్ కె.జె. శామ్యూల్ తోడై, మరికొందరితో కలిసి అద్దె హెలికాప్టర్ల కంపెనీ పెట్టాలని సంకల్పించారు. బెంగళూరులోని జక్కూరు ఏరోడ్రోమ్ నుంచి 1997లో డెక్కన్ ఏవియేషన్ మొదలైంది. ఆ తర్వాత 2003 ఆగస్టులో ఎయిర్ డెక్కన్ విమానం హుబ్లీ, బెంగళూరుల మధ్య ఎగిరింది. మన దేశంలో సామాన్యుడి ధరకు టికెట్లు అమ్మిన మొదటి విమాన సంస్థ అది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్ బొమ్మే దానికి గుర్తు. ఈ భాగం మీకు సినిమా చూపించింది కాబట్టి నేను పొడిగించను.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. విమానంలో ఉచిత భోజనం తీసేశారు. టికెట్లు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఇంటర్నెట్ అందనివాళ్ళకు పెట్రోలు బంకుల్లో కూడా అమ్మారు. ఖాళీ సీటును రూపాయికైనా ఇచ్చారు. పెద్ద కంపెనీలవాళ్ళు దీన్ని పిచ్చి అన్నారు. హోటలు నడిపినవాడికి ఇందులో పిచ్చి కనిపించదు. పొద్దున వేసిన ఇడ్లీ మధ్యాహ్నానికి అమ్ముడుపోకపోతే దాని విలువ సున్నా. తలుపు మూసుకుని ఎగిరిన విమానంలో ఖాళీ సీటుదీ అదే గతి. హాసన్‌లో పెట్రోలు బంకు ఎక్కడుందో, అక్కడికి రోజూ ఎవరు వస్తారో ఆయనకు తెలుసు. విమానం ఎక్కాలని కోరిక ఉండి, దాని ఆఫీసు గుమ్మం ఎక్కడానికి బిడియపడే మనిషి ఎవరో కూడా తెలుసు.

ఈ కథలో మన గడ్డకూ ఒక పాత్ర ఉంది. 2003లోనే హైదరాబాదు, విజయవాడల మధ్య ఎయిర్ డెక్కన్ సర్వీసు మొదలుపెట్టారు. ప్రారంభం రోజున బేగంపేట విమానాశ్రయంలో విమానం గాలిలోకి లేవకముందే ఇంజన్‌లో మంటలు వచ్చాయి. లోపల వెంకయ్యనాయుడు గారు సహా ప్రముఖులున్నారు. అందరూ క్షేమంగా దిగారు. కొత్త కంపెనీకి, అదీ చవక టికెట్ల కంపెనీకి, ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. చవకైంది కాబట్టే ఇలా అయిందని అనుకోవడానికి జనం ఎంతసేపు ఆలోచిస్తారు? అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. విజయవాడ పక్కన గన్నవరానికి విమానాలు వచ్చాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు మొదటిసారి విమానం ఎక్కాయి.

నాలుగేళ్ళలో 60కి పైగా విమానాశ్రయాలకు ఆ సంస్థ విమానాలు వెళ్ళాయి. నష్టాలు కూడా అదే వేగంతో పెరిగాయి. 2007లో కింగ్‌ఫిషర్ విమాన సంస్థ యజమానులు అందులో వాటా కొన్నారు, మరుసటి ఏడాదికి ఎయిర్ డెక్కన్ పేరు కూడా పోయింది. 2012లో కింగ్‌ఫిషరే మూతపడింది. ఆయన 2009లో సరుకు రవాణాకు డెక్కన్ 360 అని మరో సంస్థ పెట్టారు, అది నిలవలేదు. అదే ఏడాది బెంగళూరు దక్షిణం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 చివర్లో ఎయిర్ డెక్కన్ పేరును మళ్ళీ బతికించారు. 2020లో కరోనా దాన్ని ఆపేసింది.

ఇన్ని చెప్పింది ఆయన్ని తక్కువ చెయ్యడానికి కాదు. వ్యాపారంలో గెలుపు కథలే చెబితే వినేవాళ్ళకు అన్యాయం చేసినట్టు. చవక విమానం అనే ఆలోచన గెలిచింది, ఇవాళ దేశంలో ఎగిరే విమానాల్లో ఎక్కువ భాగం ఆ బాటలోనే నడుస్తున్నాయి. ఆ బాట వేసిన కంపెనీ మిగల్లేదు. నా అభిప్రాయం అడిగితే, ఎయిర్ డెక్కన్ పెరిగిన వేగం హాసన్ కొట్టు నేర్పిన వేగం కాదు. అప్పు తెచ్చి, ఊరు తర్వాత ఊరుకు పరిగెత్తడం మెట్ట రైతు పద్ధతి కాదు. ఆ పరుగు లేకపోతే ఇంతమంది విమానం ఎక్కేవారా అంటే, అదీ నిజమే. ఈ రెండు నిజాలూ పక్కపక్కనే ఉంటాయి.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి ఇంటింటికీ సైనికుణ్ణి ఇచ్చిన ఊరు. అలాంటి సంప్రదాయం ఉన్న ఊళ్ళు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు నిండీ నిండకుండా, 2022కు ముందు సైన్యంలో చేరిన జవాను నలభైకి అటూ ఇటూగా ఇంటికి వస్తాడు. ఒంట్లో శక్తి ఉంటుంది, పిల్లలు చదువుల్లో ఉంటారు, ముందు ఇంకో సగం జీవితం ఉంటుంది. మనం అతనికి చూపించే పని ఏమిటి? బ్యాంకు గుమ్మం దగ్గరో, అపార్టుమెంటు గేటు దగ్గరో కాపలా. అది గౌరవమైన పనే, కాదనను. కానీ మంచుకొండల మీద మరమ్మతు చేసి బండి నడిపించిన మెకానిక్, వందల మందికి వేళ తప్పకుండా వండి పెట్టిన వంటమనిషి, వైర్‌లెస్ నడిపిన సిగ్నల్‌మన్, వీళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఆ గేటు దగ్గర వృథా అవుతోంది.

దారులు లేకపోలేదు. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీల కేటాయింపులో సైనిక కుటుంబాలకు కోటా ఉంది. ఆ కాగితాల వెంట తిరగడానికి ఓపిక కావాలి, అది సైనికుడికి ఉంటుంది. లేనిదల్లా వ్యాపారం చేస్తానంటే వెన్నంటి నిలిచే ఇల్లు, అప్పిచ్చే బ్యాంకు, మొదటి ఏడాది తడబడితే ఎగతాళి చెయ్యని ఊరు.

సైన్యం నుంచి వచ్చే ఏడాది, ఆ పై ఏడాది ఇంటికి రాబోతున్న మీ అబ్బాయి ఒక కొట్టు పెడతానని అంటే, దయచేసి ‘మనకెందుకురా’ అనకండి. పొలం ఉంటే అమ్మమని తొందరపెట్టకండి. మీ ఊరి మాజీ సైనికుడు మెకానిక్ షెడ్డు పెట్టినా, టిఫిన్ బండి పెట్టినా, ఎరువుల కొట్టు పెట్టినా, మొదటి గిరాకీ మీరే కండి. బ్యాంకు మేనేజర్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వారికీ నా విన్నపం ఒకటే. ఆ మనిషి దరఖాస్తును పక్కన పెట్టేముందు, ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి అతను చెప్పేది పూర్తిగా వినండి.